సగం వాడిన డబ్బా

సగం వాడి మూతపెట్టిన వస్తువుని పారెయ్యడానికి మీకెప్పుడైనా చెయ్యి వచ్చిందా? నాకు మాత్రం రాదు సుమండీ. సగం టానిక్కు సీసా, అడుగున రెండు చెంచాలు మిగిలిన వార్నిషు, మూడేళ్ళ క్రితం తలుపులకి వేయించగా మిగిలిన రంగు - అన్నీ మా యింటి అటకమీద భద్రంగా వుంటాయి. "ఎప్పుడో పనికొస్తుందే" అన్న మాట మా అమ్మ నాకు సారెతోపాటు కట్టి పంపించింది. అలాంటి నేను ఒక సగం డబ్బా విషయంలో మా తమ్ముడి ముందు తల దించుకోవలసి వచ్చింది. అదీ, విమానానికి సంబంధించిన డబ్బా!

మా తమ్ముడు అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో వుంటున్నాడు. ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో కారు షెడ్డులో విమానం కడుతున్నాడు. నవ్వకండి. వాడు ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు నేనూ నవ్వాను. తీరా వెళ్ళి చూస్తే నిజంగానే రెండు సీట్ల అల్యూమినియం విమానం, రెక్కలు ఇంకా తగిలించకుండా గోడవార నిలబెట్టి వుంది!

ఆ దేశంలో యిదేమీ వింత కాదట. 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన ఇలాంటి సరదా వున్నవాళ్ళని నలుగుర్నీ పోగుచేసి, ఆ విస్కాన్సిన్ లోనే ఒక సంఘం పెట్టాడు. 1970 నించీ ఆ సంఘం ఆష్‌కాష్ అనే వూళ్ళో పెద్ద తిరనాళ్ళు జరుపుతోంది. చేత్తో కట్టిన విమానాలు అక్కడ వందలకొద్దీ వచ్చి వాలతాయి. చట్టం కూడా ఒప్పుకుంటుంది. సగానికి మించిన పని ఔత్సాహికులే, తమ సరదా కోసమో, నేర్చుకోవడం కోసమో చేసి వుండాలి, అంతే. ప్రభుత్వం తరఫున వచ్చినవాళ్ళు ఒకసారి చూసి అనుమతి పత్రం యిస్తారు. ఆ తర్వాత కట్టినవాడు అర్జీ పెట్టుకుంటే, ఏటేటా జరపవలసిన తనిఖీ కూడా తన విమానానికి తనే చేసుకోవచ్చునట!

"అయితే పరీక్ష రాసేదీ నువ్వే, పేపర్లు దిద్దేదీ నువ్వేనన్నమాట!" అన్నాను. వాడు నవ్వేశాడు. ఆ నవ్వులో కొంచెం యిబ్బంది కూడా వుందని తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం రాత్రి వాడు బ్రేకుల పని పెట్టుకున్నాడు. విమానానికి బ్రేకులెందుకురా, గాల్లో ఎగిరేదానికి? అని నా సందేహం. ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటి చిన్న విమానాల్లో చాలావాటికి ముందు చక్రం తనంతట తను తిరుగుతుంది తప్ప మనం తిప్పితే తిరగదు. నేలమీద మెల్లగా వెళ్ళేటప్పుడు ఎడమకి తిరగాలంటే ఎడమ బ్రేకు, కుడికి తిరగాలంటే కుడి బ్రేకు కాలివేళ్ళతో నొక్కాలి. అంటే బ్రేకు పోతే ఆగడమే కాదు, తిరగడమూ పోతుంది. ఆ బ్రేకుకి ప్రాణం గొట్టాల్లో వుండే ద్రవం. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు గనక, కాలు పెట్టిన బలం చక్రందాకా వెడుతుంది. అందులో గాలిబుడగో, ఆవిరో చేరిందంటే, కాలు కింద తొక్కుడు మెత్తగా దిగిపోతుంది, చక్రం మాత్రం ఆగదు.

ఆ ద్రవాలు ఒక రకం కాదు. కార్లలో పోసేది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, వానాకాలంలో మన వుప్పు జాడీలాగ. డాట్ నాలుగు అని పిలిచే రకం కొత్తగా వున్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. నూటికి మూడున్నర పాళ్ళకి కాస్త మించి నీరు చేరిందా, 155 డిగ్రీలకి దిగినా చాలునంటారు. చాలా చిన్న విమానాల్లో వాడేది అది కాదు, ఎర్రరంగు కలిపిన ఖనిజ తైలం. దానికి తగిన రబ్బరు వేరు, కారు ద్రవానికి తగిన రబ్బరు వేరు. దీనిది దాన్లో పోస్తే లోపలి రబ్బరు వుంగరాలు వుబ్బిపోతాయి, మెత్తబడతాయి, కారిపోతాయి. ఖనిజ తైలం అంటుకుంటే మండుతుంది కూడాను. గట్టిగా తొక్కిన బ్రేకు పళ్ళెం కాగి వున్నప్పుడు దానిమీద కారిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అంచేత బ్రేకు చేసినవాడు ఏది పొయ్యమన్నాడో అదే పొయ్యాలి.

ఇంతా చేసి, ఒక విమానానికి డబ్బాలో సగం కూడా పట్టదు. మిగతా సగం వుండిపోతుంది. సీలు తియ్యని డబ్బామీద తయారైన తేదీ వుంటుంది. చల్లని పొడి చోట పెడితే ఏళ్ళ తరబడి చెడదు. "మూత తీసిన రోజునించీ లెక్క వేరక్కా! ఆ తర్వాత దాన్లోకి తేమా, దుమ్మూ ఎంత పోయిందో డబ్బా చెప్పదు" అన్నాడు.

ఇంతవరకూ నాకు బాగానే అర్థమయింది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదని తెలిసిన ఏ ఆడదానికైనా అర్థమవుతుంది. చిక్కు ఆ తర్వాత వచ్చింది.

వాడు అలమరలోంచి టమాటా సాసు సీసాలాంటి ప్లాస్టిక్ సీసా తీశాడు. లోపల ఎర్రటి ద్రవం. నిరుడు డబ్బా అడుగున మిగిలిన తైలం, గొట్టాల్లోకి ఎక్కించడానికి వీలుగా వుంటుందని దాన్లో పోసుకున్నాడట. సీసామీద చీటీ లేదు. వాడు మూత తీయబోయి ఆగాడు. అదే అలమరలో కారు గేర్లపెట్టెలో పోసే నూనె డబ్బా వుంది. అదీ ఎరుపే.

"నువ్వేగా పోశావు?" అన్నాను.

"నేనే."

"విమానం నూనేనా?"

"అదే అనుకుంటున్నా."

"మరింకేం, కానియ్యి. కొత్త డబ్బా రావాలంటే మూడురోజులు పడుతుందంటున్నావు. బంగారంలాంటి నూనె పారబోస్తావా?"

వాడు సీసా దీపం దగ్గర ఎత్తి చూశాడు. వాసన చూశాడు. మా మేనకోడలు, పదేళ్ళది, గుమ్మంలో నిలబడి, "రేపు యింజను వేస్తావా నాన్నా?" అని అడిగింది. ఆ పిల్లకి పక్కసీటు యిస్తానని ఎప్పుడో మాటిచ్చాడు. మొదటి పాతికో, నలభయ్యో గంటలు పరీక్షకి ఎగరాలి, అప్పుడు సరదాకి ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ఆ తర్వాత మొదటి వంతు దానిదేనట.

"రేపు కాదమ్మా" అన్నాడు వాడు. సీసా పక్కన పెట్టేశాడు. "పోసింది నేనే అక్కా. కానీ ఏది పోశానో చెప్పే సాక్షిని నేనొక్కణ్ణే. ఆ సాక్షికి కూడా రేపు యింజను వెయ్యాలని తొందరగా వుంది."

నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి పడుకుంటే, బి.ఏ.లో చదువుకున్న పాఠం గుర్తుకొచ్చింది. క్లిఫర్డ్ అని ఇంగ్లండులో ఒక గణిత శాస్త్రజ్ఞుడు 1877లో నమ్మకం గురించి వ్యాసం రాశాడు. దాన్లో ఒక వోడ యజమాని వుంటాడు. వోడ పాతది. మరమ్మత్తు చేయించాలేమోనని అనుమానం వస్తుంది. ఖర్చుకి భయపడి, ఇన్నిసార్లు వెళ్ళి వచ్చింది కదా అని మనసుని జోకొట్టుకుని, చివరికి నిజంగానే నమ్మేసి, జనాన్ని ఎక్కించి పంపిస్తాడు. వోడ మునిగిపోతుంది. మునిగింది గనక తప్పు చేశాడంటాం మనం. క్లిఫర్డ్ అంతటితో ఆగడు. ఆ వోడ మునక్కుండా క్షేమంగా చేరినా అతని తప్పు తప్పేనంటాడు. ఎంచేతంటే, అలా నమ్మే హక్కు అతనికి లేదు. ఈ మాట రాసినాయన 1870లో సూర్యగ్రహణం చూడ్డానికి వెడుతూ, సిసిలీ దగ్గర వోడ దెబ్బతింటే ప్రాణాలతో బయటపడ్డవాడే!

కాలేజీలో నేనీ వాదం ఒప్పుకోలేదు. అన్నీ రుజువు చూసుకునే నమ్మాలంటే పెళ్ళిళ్ళు జరుగుతాయా, స్నేహాలు నిలుస్తాయా? 1896లో విలియం జేమ్స్ కూడా యిలాంటి జవాబే చెప్పాడు. రుజువు దొరకదు, వాయిదా వేసే వీలూ లేదు, విషయం చూస్తే గొప్పది - అలాంటప్పుడు మనసు చెప్పినట్టు నమ్మే హక్కు మనిషికి వుందన్నాడు. నేను ఆయన పక్షం.

కానీ ఆ చీటీ లేని సీసాకి జేమ్స్ గారి మినహాయింపు వర్తిస్తుందా? వాయిదాకేం, మూడురోజులు ఆగితే కొత్త డబ్బా వస్తుంది. మా తమ్ముడిది ప్రేమా కాదు, భక్తీ కాదు, వట్టి తొందర. నాది వట్టి పొదుపు. ఆ రెంటికీ నమ్మకం అని పేరు పెట్టబోయాం. బహుశా ఆ సీసాలో వున్నది సరైన తైలమేనేమో. నూటికి తొంభైపాళ్ళు అదే కావచ్చు. అయినా వాడుంటే తప్పు జరిగిపోయినట్టే. ఆ వోడ యజమాని వొడ్డునే వుండిపోయాడు. మావాడు తనూ ఎక్కుతాడు గనక ధైర్యవంతుడంటారా? తన ప్రాణానికి తను తెగించే హక్కు మనిషికి వుందనే అనుకుందాం. పక్కసీటు సంగతి ఏమిటి?

ఆ పక్కసీటువాళ్ళకి కనిపించేలా ఒక హెచ్చరిక అతికించాలట. ఇది ఔత్సాహికులు కట్టిన విమానం, మామూలు విమానాలకుండే భద్రతా నిబంధనలకి లోబడింది కాదు అని. చదివి ఎక్కినవాళ్ళది వాళ్ళ యిష్టం. చట్టానికి అది చాలు. కానీ పదేళ్ళ పిల్ల చదివేది చీటీ కాదు, తండ్రి ముఖం. "నాన్న చూసుకుంటాడులే" అని ఎక్కుతుంది. మనల్ని నమ్మినవాళ్ళు మన వస్తువుని పరీక్షించరు. వాళ్ళ బదులు కూడా మనమే అనుమానపడాలి. నమ్మించుకున్నవాడి మీద పడే బాకీ అది.

పారెయ్యడమే నీతి అని నేననడం లేదు. తేదీ వుండి, సీలు వుండి, ఫలానాదని తెలిసిన డబ్బాని భయంకొద్దీ పారేస్తే అది దుబారాయే. తెలిసినదాన్ని దాచుకోవడం పొదుపు. తెలియనిదాన్ని తెలిసినట్టు దాచుకోవడం పొదుపు కాదు. దానికి యింకో పేరుంది, రాయడానికి నాకే సిగ్గుగా వుంది.

మర్నాడు వాడు ఆ సీసా కాలవలో పొయ్యలేదు, పాతనూనెలు తీసుకునేచోట యిచ్చి వచ్చాడు. కొత్త డబ్బా వచ్చాక దానిమీద మూత తీసిన తేదీ రాశాడు. పిల్ల రెండురోజులు మూతి ముడుచుకుంది.

నేను యింటికి తిరిగొచ్చి అటక ఎక్కాను. కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళలాంటిదేదో వుంది. వార్నిషు పని అప్పుడు తెచ్చిన టర్పెంటైనో, దీపాలకి దాచిన కిరసనాయిలో, ఫినాయిలో! పోసింది నేనే. మా పనమ్మాయి కొడుకు, నాలుగేళ్ళవాడు, రోజూ ఆ నిచ్చెన కిందే ఆడుకుంటాడు.