తల్లిగానే తలచుకుంటే చాలా?

తల్లి పోయాక కొడుకు పెట్టే తద్దినంలో పురోహితుడు ఆమె గురించి అడిగేవి రెండే, పేరూ గోత్రమూ. ఆ గోత్రమైనా సాధారణంగా పెళ్లితో వచ్చినదే. తల్లిది వసు రూపం, నాయనమ్మది రుద్ర రూపం, ముత్తవ్వది ఆదిత్య రూపం అనుకుని నువ్వులూ నీళ్లూ వదులుతాం. ఆపై తరం పేరు తర్పణంలోకి రాదు. పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇచ్చే ఇళ్లలో ఇంత లెక్క ఉండకపోవచ్చు గానీ, అక్కడా తలచేది పేరే. కృతజ్ఞత తెలుపుకోవడానికి ఈ పద్ధతి చాలు. మనిషిని గుర్తుంచుకోవడానికి చాలుతుందా అన్నది వేరే ప్రశ్న. భక్తితో, దీక్షతో బతికిన తల్లి జీవితంలో ఆమె మన కోసం భరించినది ఒక పాలు, తనంతట తాను ఎంచుకున్నది మరో పాలు. మన స్మరణ మొదటి పాలు పట్టుకుని రెండోదాన్ని జారవిడుస్తోందని నా వాదం. భక్తురాలి విషయంలో ఇది మరీ పెద్ద లోపం. ఇంటెడు చాకిరీని ఎవరైనా ఆమె నెత్తిన పెట్టగలరు, భక్తిని మాత్రం ఎవరూ అప్పగించలేరు.

సంప్రదాయానికి తల్లి పట్టదని అనడానికి వీల్లేదు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో తండ్రి, గురువు, అతిథి కంటే ముందు తల్లినే దైవంగా చెప్పారు. గయలో మాతృషోడశి అనే విధి ఉంది. కడుపుతో ఉన్నప్పటి బాధ, కాన్పు నొప్పి, బిడ్డ కోసం నిద్ర మానిన రాత్రులు, ఇలా తల్లి పడిన ఒక్కో కష్టాన్నీ తలచుకుంటూ పదహారు పిండాలు పెడతారు. గుజరాత్‌లోని సిద్ధపూర్‌కు మాతృగయ అన్న పేరే ఉంది. ఒట్టి పేరూ గోత్రమూ చాలవని, తల్లి పడ్డ శ్రమను విడివిడిగా తలవాలని మాతృషోడశిని ఏర్పరచినవారికి తోచింది. అది గొప్ప ఆలోచనే. అయితే ఆ పదహారు కష్టాలూ ఏ తల్లికైనా వర్తిస్తాయి. ఫలానా తల్లి ఏం నమ్మిందో, ఎవరి ఆకలి చూసి ఆగలేకపోయిందో వాటిలోకి రాదు. మహాలయ పక్షంలోని అవిధవా నవమి సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ ఆమెకు తిథిని నిర్ణయించేది ఆమె పోయేనాటికి భర్త బతికి ఉండటం.

రెండో పాలు ఎలా ఉంటుందో చూడాలంటే నాసిక్ దగ్గరి పాండవలేణి కొండకు వెళ్లాలి. అక్కడి మూడో గుహలో వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం రెండో శతాబ్దంలో చెక్కిన ప్రాకృత శాసనం ఉంది. చెక్కించినది పులుమావి నాయనమ్మ, గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి, గౌతమీ బాలశ్రీ. కొడుకు అప్పటికి లేడు. శాసనంలో సింహభాగం అతనిదే. అతని ముఖం, అతని నడక, మూడు సముద్రాల నీళ్లు తాగిన అతని గుర్రాలు, శక యవన పహ్లవులను అణచడం, క్షహరాతులను నిర్మూలించడం, వర్ణాలు కలిసిపోకుండా చూడటం, ఎడతెగకుండా తల్లికి సేవ చేయడం. తన గురించి బాలశ్రీ చెప్పుకున్నది కొంచెమే: సత్యం, దానం, ఓర్పు, అహింస తనకు ఇష్టమని, తపస్సు, నియమం, ఉపవాసం తన బతుకని, తాను మహారాజుకు తల్లినని, మహారాజుకు నాయనమ్మనని. ఇంతవరకే చదివితే మనకు అలవాటైన తల్లే కనిపిస్తుంది, కొడుకును పొగిడి తాను పక్కకు తప్పుకున్న తల్లి.

కానీ ఆ శాసనం పుట్టిందే ఆమె చేసిన పని వల్ల. కొడుకును సాటిలేని బ్రాహ్మణుడని కీర్తించిన ఆ తల్లి, కైలాస శిఖరం లాంటి కొండ మీద తాను తొలిపించిన గుహను భద్రాయణీయ శాఖ బౌద్ధ భిక్షువులకు ఇచ్చింది. ఇంటి మతం ఒకటి, ఆమె చేయి చాచిన దిక్కు మరొకటి. కొడుకు 24వ పాలనా సంవత్సరం నాటి ఇంకో శాసనం అక్కడే ఉంది. గోవర్ధనంలోని అమాత్యుడికి రాజూ రాజమాతా కలిసి ఇచ్చిన ఆజ్ఞ అది. ఆ కొండ మీది సన్యాసులకు లోగడ ఇచ్చిన పొలం సాగులో లేదు, అది ఉన్న ఊళ్లో జనమూ లేరు, కనుక పట్టణం పొలిమేరలోని రాచభూమి నుంచి నూరు నివర్తనాలు ఇవ్వాలని అందులో ఉంది. దానం ఇచ్చి మరిచిపోక, అది వాళ్ల కడుపు నింపుతోందా అని ఆరా తీసిన భక్తి ఇది. నాకు మొదటి శాసనంలోని గుణాల జాబితా కంటే ఈ బీడు పొలం ముచ్చటే బాలశ్రీని బాగా చూపిస్తుంది. ఇంకో విషయం. గౌతమీపుత్రుడన్న బిరుదు తల్లి గోత్రాన్నే చెబుతుంది. ఆమె సొంత పేరు బాలశ్రీ అని మనకు తెలిసింది ఆమె తన దానాన్ని రాతిమీద పెట్టించినందువల్లే.

దీనికి ఒక ఎదురుమాట ఉంది. ఆమే కొడుక్కి అన్ని పంక్తులు ఇచ్చుకుని తనకు కొన్నే ఉంచుకుంది కదా, తల్లులు తమను తాము అలాగే చూసుకుంటారు కదా, మనమెందుకు వాళ్లు అడగని వ్యక్తిత్వాన్ని అంటగట్టడం? మాట బరువైనదే. కానీ బంధాలూ ఎంపికలూ ఒకదానికొకటి పోటీ అన్న ఊహ మనది, వాళ్లది కాదు. మూడో శతాబ్దపు నాగార్జునకొండలో ఇక్ష్వాకు శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాలు చేస్తే అతని సోదరి శాంతిశ్రీ బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. అక్కడే బోధిశ్రీ అనే ఉపాసిక, రాణి కాదు, గృహిణి, తన శాసనంలో భర్త, అత్తింటివారు, పుట్టింటివారు అందరికీ పుణ్యం పంచింది. అదే శాసనంలో కంటకశైల మహాచైత్యం దగ్గర కట్టించిన రాతి మండపం, పూర్వశైలంలో తవ్వించిన చెరువు, పుష్పగిరి మండపం, అన్నీ ఊరు పేరుతో సహా లెక్క రాయించింది. చుట్టాల పట్టీ, పనుల పట్టీ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదాన్ని నిలబెట్టి రెండోదాన్ని చెరిపేది తర్వాత తలచుకునేవాళ్లు.

రెండో అభ్యంతరం వేదాంతులది. ఆత్మకు పేరూ ఊరూ లేవు, ఎవరి కర్మ వారిది, పోయినవారి కథలు చెప్పుకోవడం మమకారాన్ని పెంచుకోవడమే. కానీ అద్వైతానికి ఆచార్యుడైన శంకరుడే సన్యాసిగా ఉండి కాలడికి తిరిగి వచ్చి తల్లికి అంత్యక్రియలు చేశాడని శంకరవిజయ కథలు చెబుతాయి. చరిత్రగా దాన్ని రుజువు చేయలేం గానీ, ఆయన శిష్య పరంపర ఆ కథను సిగ్గుపడకుండా చెప్పుకుందన్నది గమనించాలి. పరమార్థంలో బంధం లేకపోయినా వ్యవహారంలో ఋణం ఉందని వాళ్లూ ఒప్పుకున్నారు. ఋణం ఒప్పుకుంటే ఎవరికి బాకీయో సరిగ్గా తెలియాలి. పులుమావికి అది తెలుసు. నాయనమ్మ గుహ అలంకరణకు పిశాజిపదక గ్రామాన్ని ఇస్తూ, అది ఆమెను గౌరవించడానికి, ఆమె సంతోషానికి అన్నాడు, పుణ్యాన్ని తండ్రికి ధారపోశాడు. పుణ్యం తండ్రికి చేరిందా లేదా అన్నది కర్మ సిద్ధాంతం తేల్చుకోవలసిన తగాదా. నాయనమ్మ విషయంలో ఆ తగాదాకే తావు లేదు. ఆమె బతికుండగానే, ఆమె మొదలుపెట్టిన పనినే ముందుకు నడిపి గౌరవించాడు మనవడు. నా దృష్టిలో శ్రాద్ధం కంటే ఇది మెరుగైన స్మరణ.

బాలశ్రీకి రాజ్యం ఉంది, రాయి ఉంది, మా అమ్మమ్మకు ఏముందని ఎవరైనా అడగవచ్చు. ఎంపికకు రాజ్యం అక్కర్లేదు. ఎవరికి అన్నం పెట్టాలి, ఏ వ్రతం పట్టాలి, ఏ గుడి మెట్లు ఎక్కనని భీష్మించుకోవాలి, ఇవన్నీ సాధారణ స్త్రీలు తీసుకున్న నిర్ణయాలే. కొన్ని మనకు నచ్చవు. కోడలి మీద మడి పేరుతో చేసిన పెత్తనం కూడా ఆమె ఎంపికే, దాన్ని దాచి దేవతను చేస్తే మళ్లీ మనిషి పోయినట్టే. ఇంట్లో తెలిసినవాళ్లు ఇంకా ఉండగానే అడిగి రాసి పెట్టండి: పుట్టింటి పేరు, ఊరు, ఎవరికి ఏం ఇచ్చింది, ఏ విషయంలో ఎవరు చెప్పినా వినలేదు. వచ్చే తద్దినం నాడు పేరూ గోత్రమూ చెప్పాక ఆ కాగితం కూడా చదవండి. ఏ ధర్మశాస్త్రమూ దానికి అడ్డు చెప్పదు.