విడిపోయిన ఇంట్లో ఎదిగే పిల్ల

మన కోయ గూడేల్లో ఆలుమగలు విడిపోవడం కొత్త కాదు. పెద్దమనుషులు కూర్చుంటారు, ఓలి లెక్క తేలుస్తారు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో చెబుతారు. ఆడమనిషి మారుమనువు వెళ్తే వేలెత్తి చూపేవాళ్లు తక్కువ. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1955 నాటి హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు కనుక, మన విడాకులు ఇప్పటికీ ఎక్కువగా ఆచారం చేతిలోనే ఉన్నాయి. ఆ ఆచారాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ పంచాయితీలో తేలని సంగతి ఒకటి మిగిలిపోతుంది. ఆ పిల్లకు పదహారేళ్లు వచ్చి, ఎవరితోనో తిరుగుతోందని తెలిసిననాడు ఆమెతో మాట్లాడవలసింది ఎవరు?

మాకు తెలిసిన ఒక ఇంట్లో అమ్మ గూడెంలో ఉంది, నాన్న వేరే మనువు చేసుకొని గోదావరి అవతల ఉన్నాడు. పిల్ల హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సంతలో పరిచయమైన ఇరవై నాలుగేళ్ల ఆటో డ్రైవరు ఆమెకు ఫోను కొనిచ్చాడు. కొన్నాళ్లకు ఎవరితో మాట్లాడినా లెక్క చెప్పమన్నాడు. స్నేహితురాళ్ల నంబర్లు తీసేయించాడు. సెలవులకు ఇంటికి పోవద్దన్నాడు. సంగతి తెలిసి నాన్న, "ఇదేనా నీ పెంపకం?" అన్నాడు. "వదిలేసి పోయినోడివి, నీకెందుకు?" అంది అమ్మ. పిల్ల పక్కనే ఉండి అంతా విన్నది. "నీకు భయమేస్తోందా?" అని ఆమెను ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

"నచ్చినోణ్ణి ఎంచుకోవడం మన పద్ధతే కదా" అనే పెద్దలున్నారు. నిజమే, కానీ సగమే. వెనకటి రోజుల్లో ఆ పిల్లగాడి గట్టు ఏదో, పొలం ఎంతో, కోపం ఎలాంటిదో అందరికీ తెలుసు. చేయి చేసుకుంటే పిల్ల అన్నదమ్ములు పూట నడకలో వచ్చి నిలబడేవారు. ఆ స్వేచ్ఛ వెనక ఊరి కాపలా ఉండేది. ఫోనులో నడిచే పరిచయానికి ఆ కాపలా లేదు. ఆచారం పేరు చెప్పేవాళ్లు ఆ కాపలా బాధ్యత కూడా తీసుకోవాలి.

అలాగని ఫోను లాక్కొని, చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడితే? ఆ డ్రైవరు చేస్తున్నదీ అదే, పిల్లను తనవాళ్ల నుంచి విడగొట్టడం. పిల్ల గురించి దిగులుపడే హక్కు మనకుంది, అడిగే హక్కు కూడా ఉంది. ఆమె మన సొత్తు మాత్రం కాదు.

దీనికి హద్దు ఒకటుంది. పద్దెనిమిది నిండని పిల్లతో లైంగిక సంబంధానికి ఆమె ఒప్పుకున్నా 2012 నాటి పోక్సో చట్టం ముందు అది నేరమే. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. "అది వాళ్లింటి గొడవ" అని పంతులు తప్పుకోవడానికి లేదు. 1098కి ఫోన్ చేసి సాయం అడగవచ్చు. పరువు కోసం తొందరపడి పెళ్లి చేస్తే అదీ 2006 చట్టం కింద నేరమే. ఫిర్యాదు చేసిన రోజు ఆ పిల్లకు మనం శత్రువులం కావచ్చు. అందుకని ఊరుకోకూడదు. కానీ ఆ మాట ఆమె ముందుగా మన నోటనే వినాలి, పోలీసు జీపును చూసి తెలుసుకోకూడదు.

ఆ ఇంట్లో చివరకు మేనమామ కలగజేసుకున్నాడు. అమ్మానాన్నలను కలపాలని చూడలేదు, అది అయ్యే పని కాదు. పిల్లతో మాట్లాడేటప్పుడు ఒకరి ఊసు ఒకరు ఎత్తకూడదని మాత్రం ఇద్దరినీ ఒప్పించాడు. దసరా సెలవులకు పిల్ల ఇంటికొచ్చింది. ఫోను ఎవరూ లాక్కోలేదు. ఒక రాత్రి తనే తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టి, "ఇవి మామతో చదివించు" అంది.