హిమమార్గమున అద్వైతచింత

భేదములన్నియు అదృశ్యమగుటయే ఏకత్వమా, లేక భేదములు నిలిచియుండగనే వానియందు ఏకత్వమును దర్శింపవలెనా అను సంశయము అద్వైతమును గూర్చి ఆలోచించిన ప్రతివానికిని ఏదో యొకనాడు కలుగక మానదు. దీనికి గ్రంథములలో సమాధానములు లేకపోలేదు. కాని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, కాంకర్డ్ పట్టణసమీపమందలి వాల్డెన్ సరస్సును చుట్టివచ్చు కాలిబాటపై, రాత్రియంతయు మంచు కురిసి వెలిసిన యొక జనవరి ఉదయమున నడచువానికి ఈ ప్రశ్న అడుగడుగునను ఎదురగుచుండును.

ఆ ప్రదక్షిణమార్గము రెండు మైళ్లకు లోపే. వేసవియందు ఆ త్రోవలో పైన్ వేళ్లు కాలికి అడ్డుపడును, ఓక్ చెట్ల ఎండుటాకులు గలగలలాడును, నీటికిని నేలకును నడుమ ఒడ్డు స్పష్టముగ గోచరించును. మంచు కురిసిన పిమ్మట వేరును, రాయియు, ఆకును, ఒడ్డును ఒకే ధావళ్యమున లీనమై, క్రొత్తమంచు ధ్వనులను సైతము పీల్చుకొనుటచే, లోకమునకు నామరూపములు తొలగిపోయినట్లు తోచును. అట్టి సమయమున సర్వమును ఒక్కటియే యను భావము మనస్సునకు కలుగుట సహజము. ఆ భావము వలన లభించు శాంతి తృణీకరింపదగినదియు కాదు. అయినను అది జ్ఞానము వలని శాంతియా, వస్తువులు కంటబడకపోవుట వలని విశ్రాంతి మాత్రమేనా యని విచారింపవలసియున్నది.

ఆ తెలుపునే పరీక్షింతము. మంచురవ్వకు స్వతహాగ తెలుపు లేదు. అది నీటివలెనే స్వచ్ఛము, పారదర్శకము. లెక్కకుమించిన స్ఫటికముల అంచులయందు వెలుగు తగిలి, విరిగి, చెదరి, అన్ని వర్ణములును ఇంచుమించు సమముగ మరలివచ్చుటచే మన కన్నులకు శ్వేతముగ భాసించును. వెర్మాంట్ రాష్ట్రమందలి జెరికో గ్రామవాసియైన విల్సన్ బెంట్లీ యను రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమెరాను జతచేసి మంచుస్ఫటికమును ఛాయాచిత్రమున బంధించి, తరువాతి కాలమున 5,000కు మించి అట్టి చిత్రములను తీసి, ఒకదానిని పోలినది మఱియొకటి కానరాలేదని ప్రకటించెను. కాగా మనము ఏకమని మురిసిన ఆ ధావళ్యము అనేకముల సమష్టిఫలమే. భేదము నశింపలేదు, మన చూపు అంతవరకు పోలేదు.

మాయకు ఆవరణమనియు, విక్షేపమనియు రెండు శక్తులు కలవని వేదాంతులు చెప్పుదురు. ఉన్నదానిని కప్పునది మొదటిది. లేనిదానిని తోపింపజేయునది రెండవది. రాయి కప్పబడుటయు, దాని స్థానమున లేని సమత్వము తోచుటయు ఈ హిమప్రభాతమున ఏకకాలమందే జరుగుచున్నవి. కావున మంచు ప్రసాదించు ఏకత్వము అవిద్యకు దగ్గరిచుట్టము. కాని కప్పిన మంచే చూపించుటయు కలదు. కుందేలు గంతులు, నక్క సూటిగ నడచిన జాడ, చిట్టెలుక తోక యీడ్చిన సన్నని గీత, ఏ వేసవియందును మనము ఎరుగని ఇరుగుపొరుగువారినందఱిని ఆ ఉదయమున వెల్లడిచేయును. మంచుపొర క్రింద, గాలిలోని తీవ్రశీతము సోకని నేలపై, ఆ చిట్టెలుకల సంసారము సాగుచునేయుండును.

1845 మొదలు 1847 వరకు ఈ సరస్తీరమున చిన్న కుటీరమందు వసించిన హెన్రీ డేవిడ్ థోరో గీతాపాఠకుడు. ఆ సరస్సునకు అడుగే లేదని పలువురు నమ్ముచుండగ, 1846 ఆరంభమున అతడు గడ్డకట్టిన నీటికి రంధ్రములు చేసి, త్రాడు దించి కొలిచి, మిక్కిలి లోతైన చోట 102 అడుగులున్నవని తేల్చెను. అతడు చదివిన గీతయే సమదర్శనమును బోధించునపుడు విద్యావంతుడైన బ్రాహ్మణుని, గోవును, ఏనుగును, కుక్కను, చండాలుని పేరుపేరున పేర్కొన్నది. ఎవరి రూపమును చెరిపివేయలేదు. సమదర్శి యైనవాడు ఆవునకు గడ్డియు, కుక్కకు అన్నమును పెట్టును గాని, ఆత్మ యొక్కటియే గదా యని కుక్క ముందు గడ్డి వేయడు. ఆకలి వేర్వేరు విధములుగ నుండునని ఎరుగుటయే అచ్చట సమత్వము.

అదే సరస్సున 1846-47 శీతకాలమందు కూలీలు మంచుగడ్డలను కోసిరి. మద్రాసు, కలకత్తా వాసులు ఆ నీటిని త్రావుదురని థోరో ఊహించెను. ఊహకు ఆధారము లేకపోలేదు: బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లోనే కలకత్తాకు ఓడలో మంచును పంపియుండెను, మద్రాసు సముద్రతీరమున అతని సంస్థ 1842లో మంచు నిలువకై కట్టించిన భవనము ఐస్‌హౌస్ అను పేర ప్రసిద్ధము. పాశ్చాత్యదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి 1897 ఫిబ్రవరిలో ఆ భవనమునందే బసచేసెను. ఆయన బోధించిన వేదాంతమున దరిద్రుడు నారాయణుడు; అయినను అతని దారిద్ర్యము మిథ్యయని చెప్పి చేతులు ముడుచుకొనుటకు అందు తావు లేదు.

అద్వైతమును నమ్మువానికి ఈ విచారము వలన ఒక బాధ్యత ఏర్పడుచున్నది. అందఱును ఒక్కటియే యనుట సులభము, ఏలయన దానిచే ఎవ్వరిని ప్రత్యేకముగ చూడవలసిన పని తప్పును. ఒక్కొక్కని కష్టమును ఒక్కొక్కనిదిగ గుర్తించి, అది తనకు అన్యము కాదని ఆచరణమున చూపుట కష్టము. ఈ రెండవదానినే ఏకత్వదర్శనమని పిలువవలెను.