ముద్ర ఎవరిది?

ధ్యానభాగము: మత్తయి 22:15–22, ఆదికాండము 1:27



గండిమైసమ్మ చౌరస్తాకు దాపుననున్న మన సంఘపు ఇంటొకదానిలో, గత వేసవిలో పాత పెట్టె తెరువగా, తోలు ఒరతో కూడిన పిస్తోలు ఒకటి బయటపడెను. ఆ ఇంటి తాత బొల్లారం దండులో ఒక దొర గుర్రములను చూచుకొనెడివాడు. 1947లో దొర సీమకు పోవుచు దీనిని ఇచ్చిపోయెనని ఇంటివారు చెప్పుదురు.

మనుమలు ఇద్దరు. "లక్షలు పలుకుతది" అని పెద్దవాడు, "సగం నాది" అని చిన్నవాడు. పది దినములలో ఒకే గోడకు ఇరుప్రక్కల నున్న రెండు ఇండ్లకు మాటలు లేకపోయెను. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున ఇద్దరును బల్లయొద్దకు రాలేదు. వారి తల్లి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ ఇనుపముక్క నా కొడుకులను తింటున్నది" అని ఏడ్చెను.

సైన్యములో ఆయుధములు బాగుచేయు పనినుండి విరమించిన సహోదరుడొకడు మన సంఘములో నున్నాడు. అతనిని తోడుకొని పోతిని. అతడు ఎవరిని ముట్టనీయక, గొట్టమును నేలవైపు త్రిప్పి తెరచి, ఆరు గదులును ఖాళీయేనని మొదట చూచెను. అది వెబ్లీ ఆరవ మార్కు. 1915లో బ్రిటిష్ సైన్యము స్వీకరించిన రకము. మెరుపు కొరకు పెద్దవాడు ఒక ప్రక్కను గరుకు కాగితముతో రుద్దియుండెను. "పాత వస్తువుకు పాత రంగే వెల, తమ్మీ. రుద్దినకొద్దీ వెల పోతది" అని అతడు నిట్టూర్చెను.

తరువాత ఒరను చూపెను. తోలును పదును చేయు ద్రవ్యములు తేమతో కలిసి ఇనుమును తినునట. ఇత్తడి గుండీకి పచ్చని చిలుము పట్టియుండెను. కాపాడవలసిన ఒరయే డెబ్బది యేండ్లకు పైగా లోపలి దానిని తినుచుండెను.

చివరకు భూతద్దము పట్టి, రుద్దని ప్రక్కన కాకికాలు వంటి మూడు గీతల బాణమును చూపెను. అది బ్రిటిష్ సర్కారు సొత్తు గుర్తు. సర్కారు అమ్మివేసిన ఆయుధముమీద రెండు బాణములు మొనకు మొన తాకునట్లు కొట్టెడివారు. దీనిమీద ఒకటే కలదు.

"వెల ఎంత?" అని అన్నదమ్ములు ఒక్కసారే అడిగిరి.

"బాగు చేస్తే ఇది పేలుతది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేక ఉంచుకొనుడే నేరం, అమ్ముడు సంగతి చెప్పనక్కరలేదు. బాగు చేసినా పేలని పాత వస్తువుకే మినహాయింపు. ఠాణాకు కబురు పెట్టి అప్పగించండి, రసీదు తీసుకోండి" అని అతడు చెప్పెను.

అప్పుడు నేను సువార్త తెరచితిని. ప్రభువు నాణెమును చేతికి తీసుకొమ్మనలేదు. దానిమీద ఎవరి రూపమున్నదో చూడుమనెను. కైసరు ముద్ర గలది కైసరుకు చెందును. మనము సాధారణముగా అక్కడనే ఆగుదుము. కాని ప్రభువు ఆగలేదు; దేవునివి దేవునికి చెల్లింపవలెననెను. దేవుని రూపము దేనిమీద నున్నది? ఆదికాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది: మనుష్యునిమీద.

"ఇనుముమీద మూడు గీతలు చూచుటకు భూతద్దము పట్టితిరి. తమ్మునిమీది దేవుని ముద్రను చూచుటకు ఏ అద్దము కావలెను?" అని అడిగితిని. ఎవరును మాటలాడలేదు.

మరునాడు ఇద్దరును కలిసియే ఠాణాకు పోయిరి. ఒకే రోజున అంతయు సమాధానమాయెనని నేను చెప్పను. రెండు నెలల తరువాత బల్లయొద్ద పెద్దవాడు మోకరించగా, చిన్నవాడు వచ్చి అతని ప్రక్కనే మోకరించెను. ఖాళీ ఒర ఇంకను ఆ ఇంటనే యున్నది.

ప్రియులారా, మన ప్రాంతమున గజము నేలకు వెల పెరిగినకొలది అన్నదమ్ముల నడుమ గోడలును పెరుగుచున్నవి. మీ హృదయపు ఒరలో దాచిన కోపము మిమ్మును కాపాడునని తలంచుచున్నారా? అది లోలోపల తినుచున్నది. నేడే బయటికి తీసి ప్రభువుకు అప్పగించుడి.

ప్రార్థన: తండ్రీ, వస్తువుల వెల చూచు మా కన్నులకు, సహోదరునిమీద నీ ముద్రను చూచు చూపు దయచేయుము. ఆమేన్.