ముందొచ్చింది తోళ్ల వ్యాపారి

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఊళ్లో బ్రాహ్మణులు ఆయనతో మర్యాదగానే ఉన్నారు. తమ పిల్లలకు చదువు చెప్పమన్నారు, మతం సంగతులు చెబితే ఓపిగ్గా విన్నారు. పెద్దకులాలు ముందు కదిలితే మిగతా ఊరంతా వెనకే వస్తుందని ఆ కాలపు మిషనరీల్లో చాలామంది లెక్క. క్లౌకూ ఆ ఆశ లేకపోలేదు. ఇంతలో చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేము రామని బ్రాహ్మణులు తేల్చి చెప్పేశారు.

దిక్కు తోచక క్లౌ ఒకచోట, ఆయన భార్య మరోచోట బైబిలు తెరిచారట. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరంలో ఒకే భాగం ఇద్దరి కంటా పడిందట. పిలుపు అందుకున్నవాళ్లలో లోకం దృష్టికి జ్ఞానులూ ఘనులూ తక్కువేనని చెప్పే భాగం అది. తరువాతి రోజుల్లో క్లౌ ఈ కథ చెప్పుకునేవాడు. అందులో దేవుడి చెయ్యి ఎంత, యాదృచ్ఛికం ఎంత అన్నది ఎవరి నమ్మకం వారిది. ఆయన మాదిగలకు తలుపు తీశాడన్నది మాత్రం చరిత్ర.

వెళ్లి సర్వజనులనూ శిష్యులను చేయమని పునరుత్థానం తరువాత యేసు చెప్పినట్టు మత్తయి సువార్త చివర ఉంటుంది. సంఘం తన పిలుపుగా చెప్పుకునేది ఆ మాటనే. అక్కడ 'జనులు' అన్నదానికి మూల గ్రీకులో వాడిన పదం ఎథ్నే. యూదుల నోట ఆ పదానికి తమవాళ్లు కానివాళ్లని అర్థం. తెలుగు బైబిల్లోనే చాలాచోట్ల అదే పదం 'అన్యజనులు' అయింది. అంటే ఆ ఆజ్ఞ మొదట విన్న పదకొండుమంది శిష్యులకు అది దూరదేశాల మాట కంటే గడప దాటే మాట. ఎవరి పక్కన కూర్చుంటే మైల అనుకున్నారో వాళ్ల పక్కన కూర్చోమన్న మాట.

ఆ ఆజ్ఞ అపొస్తలులతోనే తీరిపోయిందని 18వ శతాబ్దపు ప్రొటెస్టెంట్లలో చాలామంది నిమ్మళంగా ఉన్నారు. కాదని 1792లో ఒక చిన్న పుస్తకం రాసి వాదించినవాడు విలియం కేరీ. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన మనిషి. తరువాత బెంగాల్లోని సేరంపూరుకు చేరి, తెలుగుతో సహా ఎన్నో భారతీయ భాషల్లోకి బైబిలు తెప్పించే పనిలో పడ్డాడు. ఆయన తెలుగుదేశంలో పుట్టి అదే వృత్తి చేసివుంటే నివాసం ఊరి బయటే ఉండేది.

తెలుగువాళ్ల మధ్య బాప్టిస్టుల పని 1836లో మొదలైంది. కొన్నాళ్లకు నెల్లూరు కేంద్రమైంది. ముప్పై ఏళ్లపాటు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. వాళ్ల పటంలో నెల్లూరు ఒక్కటే చుక్కలా మిగిలిందని దానికి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు కూడా వచ్చింది.

ఆ చుక్క వెలిగిన తీరు మిషన్ బోర్డు వేసిన ప్రణాళికల్లో ఎక్కడా లేదు. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. చదువు లేకపోయినా యోగ గురువుల దగ్గర శుశ్రూష చేసి, తత్వవిచారంలో చాలా దూరం నడిచినవాడు. వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఈ కొత్త బోధ ఆయన చెవిన పడింది. తనంత తానే వెతుక్కుంటూ వచ్చి 1866లో, భార్య నాగమ్మతో కలిసి, బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగి వెళ్లి బంధువుల ఊళ్లన్నీ తిరిగాడు. తోళ్లు కొనే దారులు, వియ్యాలందిన ఇళ్లు, పాత గురువు శిష్యులు, వీటి వెంబడే ఆ మాట నడిచింది. క్లౌ దొర గుర్రమెక్కి వచ్చేసరికి అక్కడ అడిగేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి భక్తి నియమాలే. పల్లెలో మాత్రం ఒక్కొక్కటీ నిప్పురవ్వ. ఆదివారం రానంటే ఆసామి ఊరుకోడు. జాతర్లో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. బావికి తోలు బాన కుట్టేదీ, చచ్చిన పశువును లాక్కెళ్లేదీ వాళ్లే కాబట్టి, 'చేయం' అన్న ఒక్క మాటతో ఊరి ఏర్పాటంతా కదిలింది. కరణాలూ మునసబులూ వాళ్లను నీళ్లకు రానివ్వలేదు, దొంగకేసులు బనాయించారు. మతం మార్పిడి గురించి ఇవాళ గొంతు చించుకునేవాళ్లు ఇరుపక్షాలా ఉన్నారు గానీ, ఆ బాన కుట్టిన చేతుల సంగతి అడిగేవాళ్లు తక్కువ.

తరువాత కరువొచ్చింది. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశాన్ని తుడిచిపెట్టిన ధాత కరువు. క్లౌ ఒకప్పుడు అమెరికాలో సర్వేయరు. ఆ విద్య అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న అభాండం వస్తుందని ఆయనకు తెలుసు. అందుకే పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆపేశాక, ఇక పెట్టేదేమీ లేదు పొమ్మన్నాక కూడా జనం పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున. ఏడాది తిరిగేసరికి లెక్క తొమ్మిదివేలు దాటింది.

ఆకలి వాళ్ల నిర్ణయంలో పాలు పంచుకోలేదా? పంచుకునే ఉంటుంది. కడుపూ ఆత్మా వేర్వేరు ఖాతాల్లో రాసుకునే వెసులుబాటు నిండు కడుపువాళ్లకే ఉంటుంది. గులాబీ తన పరిమళం గురించి ప్రసంగించదని గాంధీజీ మిషనరీలకు చెప్పేవారు. అందమైన పోలికే. కానీ గులాబీ ఉన్న తోటలోకి పేరయ్యను ఎవరు రానిచ్చారు? ఎవరో ఒకరు కంచె దగ్గరకు వచ్చి చెప్పాల్సివచ్చింది.

అలాగని సంఘం తన భుజం తాను తట్టుకోవడానికీ వీల్లేదు. ఆ సంగతి ఎడిన్‌బరోలో 1910లో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పన్నెండువందల మంది ప్రతినిధుల ముందు, ఒక తమిళుడు మొహమాటం లేకుండా చెప్పాడు. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో, సొంత డబ్బుతో, సొంత మనుషులతో మిషనరీ సంఘం పెట్టుకోవడంలో ముందున్నవాడు. ఆ సంఘం పంపగా 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువాళ్ల మధ్య ఉండిపోయినవాడు. తెల్ల మిషనరీలు బీదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, కానీ భారతీయుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం వాళ్లకు చేతకాలేదన్నది ఆయన ఫిర్యాదు. మాకు స్నేహితులను ఇవ్వండని అడిగాడు. సభలో కొందరికి కోపమొచ్చింది. రెండేళ్లకు అదే అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు, డోర్నకల్లుకు.

ఆయన దొరలకు పెట్టిన పరీక్షలో తెలుగు సంఘం కూడా గట్టెక్కలేదు. గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టులలో మాదిగలు ఎక్కువ. మిషన్లు ఎవరి హద్దుల్లో వాళ్లు పనిచేయడం వల్ల కులాల మధ్య పాత గీత కొత్త పేర్లతో నిలబడిపోయింది. డోర్నకల్లులో రెండు కులాలనూ ఒకే బల్ల దగ్గరకు తేవడానికి అజరయ్య జీవితమంతా తంటాలు పడ్డాడు. 1945 జనవరి 1న కన్నుమూసేనాటికి ఆ పని సగంలోనే ఉంది.

ప్రభుత్వం తన లెక్క తాను వేసుకుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఇతరులను మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రాడు. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో మరో పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు మన జిల్లాల్లో కొత్త కాదు.

కోస్తా పల్లెల్లో ఇప్పటికీ కొన్నిచోట్ల మాలపల్లె ప్రార్థన మందిరం వేరు, మాదిగపల్లె మందిరం వేరు. అక్కడి సంఘాల నుంచి కూడా కుర్రవాళ్లు సువార్త చెప్పడానికి పరాయి రాష్ట్రాల కొండలకూ అడవులకూ రైలెక్కుతున్నారు. వెళ్లనివ్వండి. కాకపోతే సంచి సర్దుకునే ముందు, అవతలి పల్లెలో ఒక ఇంట్లో పీట వేయించుకుని ఒకపూట భోంచేసి బయలుదేరమని వాళ్ల కాపరులు చెబితే బాగుండును.