సహవాసము లేని ప్రాణి

పాపభారమున కాకియైన గంగ కృష్ణాసాగరసంగమమున మునిగి హంసయైనదని చెప్పుకొను హంసలదీవిలో, వేణుగోపాలస్వామి దర్శనానంతరము రొయ్యలచెరువుల గట్టున నడచుచు, బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పి విశ్రమించిన మేనమామయు, హైదరాబాదు ప్రయోగశాలలో పనిచేయు మేనల్లుడును ఇట్లు సంభాషించిరి.

మామ: 1990 దశకమున తెల్లమచ్చ తెగులు తగిలి టైగరు రొయ్య నశించినపుడు దివిసీమ రైతుల దుఃఖమును కన్నులార చూచితిని. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చిన పిమ్మట, విదేశపు తల్లిరొయ్యలను చెన్నై నీలాంకరైలో వేరుగ నుంచి పరీక్షించినగాని హేచరీలకు పంపరని విని సంతసించితిని. మీరు పెంచు క్రిమిరహితపు చిట్టెలుకయు అట్టిదియే కదా, నాయనా?

అల్లుడు: కాదు మామయ్యా. ఆ రొయ్యకు లేనివి పేర్కొనిన కొన్ని రోగములే; తక్కిన సూక్ష్మజీవులు దానితో నుండనేయున్నవి. పైగా రైతు బెల్లమును తవుడును పులియబెట్టి, మేలుచేయు బాక్టీరియాను తానే చెరువున చల్లుచున్నాడు. మా చిట్టెలుకకు ఏ క్రిమియు లేదు. క్రిములు లేక ప్రాణి బ్రతుకజాలదని 1885లో పాశ్చరు తలచెను. పదేండ్లకే బెర్లినులో నటాల్, థీర్‌ఫెల్డర్ అను శాస్త్రజ్ఞులు, తల్లికడుపు కోసి తీసిన గినీపందిపిల్లను శుద్ధమైన గాలిలో, శుద్ధమైన పాలతో కొన్నాళ్లు పెంచి చూపిరి. నేడు వడగట్టిన గాలి వచ్చు ప్లాస్టిక్ గూటిలో, గోడకమర్చిన చేతితొడుగులతో తప్ప తాకక, ఆవిరిలో శుద్ధిచేసిన మేతతో చిట్టెలుకలను తరతరములు పెంచుచున్నారు.

మామ: బ్రతికినది, సరే. కుదురుగ నున్నదా?

అల్లుడు: పెద్దప్రేగు మొదటనుండు సంచి ఎన్నోరెట్లు ఉబ్బును, క్రిములు చేసియిచ్చు కె విటమినును మేతలో కలుపనిచో నెత్తురు గడ్డకట్టదు, రోగనిరోధకశక్తి పూర్తిగ పండదు. అయినను, దానికి ఒక్కొక్క క్రిమినే ఇచ్చి చూచినగాని ఏ క్రిమి ఏ పని చేయుచున్నదో తేల్చుట కష్టము.

మామ: అనగా ప్రాణి తన దేహమునకు తానొక్కటే యజమాని కాదని తెలిసికొనుటకు, ఆ ప్రాణినే ఒంటరిని చేసితిరి. ఈ జ్ఞానము గొప్పది, కాదనను. దాని ఖర్చు మాత్రము ఎలుక భరించినది.

మామ పలికిన ఈ మాటకు, దీనిని వ్రాయుచున్న నా సమ్మతి సంపూర్ణము. లోపమును తెలిసి కల్పించినవానికి, తెలియక కల్పించినవానికంటె బాధ్యత హెచ్చు.

అల్లుడు: అందుకే 1960 నాటి జంతుహింసానివారణ చట్టము క్రింద, ప్రయోగమునకు ముందు నైతికసంఘపు అనుమతి కావలెను, అందు శాస్త్రజ్ఞుడు కానివాడొకడు నుండవలెను.

మామ: అతడు నేనైనచో, ఎన్ని ఎలుకలని అడుగుటకు ముందు, వాటినుండి తీసివేసిన మేళ్లలో దేనికి బదులు మేతలో కలిపితిరో, దేనికి బదులే లేదో చదివించుకొందును, బదులు లేనివి మిక్కిలియైనచోట, ఈ ప్రశ్నకు వేరుదారి వెదకితిరా యని నిలదీయుదును.