విదేశం నుంచి తెచ్చిన మిఠాయి, ఇంట్లో పెద్దవాళ్ల నియమం

ఈమధ్య బ్యాంకాక్ వెళ్లొచ్చిన ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. అక్కడి బజారులో బంగారు రంగు దారాల్లాంటి మిఠాయి చూసి ముచ్చటపడి ఒక డబ్బా కొన్నారట. ఇంటికొచ్చాక అత్తగారు దాన్ని దేవుడికి నివేదన చేసి, కళ్లకద్దుకుని తిన్నారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టని మనిషి. తర్వాత తెలిసిందేంటంటే, ఆ మిఠాయి చేసేదే గుడ్డు పచ్చసొనతో! ఇప్పుడు అత్తగారికి చెప్పాలా, వద్దా?

ముందు ఆ మిఠాయి సంగతి చూద్దాం. దాని పేరు ఫోయ్ తోంగ్. తోంగ్ అంటే థాయ్ భాషలో బంగారం. పచ్చసొనను మరిగే పంచదార పాకంలోకి సన్నటి ధారగా పోసి దారాలు తీస్తారు. అదే బొట్లు బొట్లుగా వేస్తే తోంగ్ యోత్, చూడ్డానికి మన బూందీకి అక్కచెల్లెలే. 17వ శతాబ్దంలో పోర్చుగీసు వంటల నుంచి అయుత్థయ రాజ్యానికి వచ్చాయి ఇవి. (ఆ ఊరి పేరు మన అయోధ్య పేరే.) అక్కడివాళ్లు వీటిని శుభానికి గుర్తుగా పెళ్లిళ్లలో పెట్టుకుంటారు. కాబట్టి "ఛీ" అనే మాట మన నోట రాకూడదు. వాళ్లకది మంగళకరం. మన అత్తగారి నియమానికి సరిపడదు, అంతే.

అసలు పరాయి దేశంలో వీధిలో తినడమే తప్పు అనేవాళ్లూ ఉన్నారు. నేను అలా అనను. గుంటల పెనం మీద బియ్యప్పిండి, కొబ్బరిపాలు పోసి ఖనోం క్రోక్ వేస్తుంటే మన గుంత పొంగనాలే గుర్తొస్తాయి. అయితే పచ్చి బొప్పాయి దంచి చేసే సోమ్ తామ్ ఉంది చూశారూ, పైకి అంతా కూరగాయలే, లోపల చేప సాస్, ఎండు రొయ్యలు పడతాయి. అడిగి తినాలి. అడిగాక కూడా తింటారా మానేస్తారా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన సంగతి.

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి కథ విన్నారు కదా. కురుదేశంలో పంటలు పోయి ఆకలితో ఉన్న ఉషస్తి, ఒకాయన తింటున్న గుగ్గిళ్లు అడిగాడు. ఇవి నా ఎంగిలి, వేరేవి లేవు అన్నాడాయన. పర్లేదు, పెట్టు అని తిన్నాడు. నీళ్లిస్తే మాత్రం వద్దన్నాడు, ఎంగిలి నీళ్లు తాగనని. గుగ్గిళ్లు ఎంగిలి కావా అని అడిగితే, అవి తినకపోతే బతకను, నీళ్లు నాకు ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు. ఎక్కువమంది ప్రవచనం ఇక్కడే ఆపేస్తారు. తర్వాతది ఇంకా బాగుంటుంది. మిగిలిన గుగ్గిళ్లు ఇంటికి తీసుకెళ్లి భార్యకిచ్చాడు. ఆవిడకి అప్పటికే మంచి భిక్ష దొరికింది, వాటిని తీసుకుని పక్కన పెట్టింది. మర్నాడు మళ్లీ ఆయనే అవి తిని రాజుగారి యాగానికి బయల్దేరాడు. నియమం సడలించుకున్నది తన వరకే. ఇంటికి తెచ్చింది తినాలా వద్దా అన్నది ఆవిడ చేతిలోనే ఉంది.

మన అత్తగారికి ఆ అవకాశమే రాలేదు. ఆవిడ డబ్బా మీద థాయ్ అక్షరాలు చదవలేదు, చదవలేరు కూడా. కోడలు తెచ్చింది కదా అని తిన్నారు. తెలియక తిన్నారు కాబట్టి ఆవిడకి దోషం లేదనే నా నమ్మకం. భగవంతుడు భావం చూస్తాడు అంటాం, నిజమే. కానీ ఆ మాట తిన్నవాళ్లకి ఊరట కోసం, తినిపించినవాళ్లు దాక్కోవడానికి కాదు.

అందుకే, చెప్పాలి అంటాను. "పెద్దావిడ బాధపడుతుంది, చెప్పకపోతే ఏం పోయింది" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో దయ ఉంది, కాదనను. కానీ చెప్పకపోతే ఇన్నేళ్ల ఆవిడ నియమానికి విలువెంతో మనమే కట్టేసినట్టు. తలస్నానం చేసి ఒకపూట ఉపవాసం ఉంటారో, నవ్వి ఊరుకుంటారో, రెండు రోజులు మాట్లాడరో, అది ఆవిడ ఇష్టం. చుట్టాల ముందు కాకుండా, ఒక్కరే ఉన్నప్పుడు, "తెలియక తెచ్చానత్తయ్యా" అని చెప్పండి. భర్తతో చెప్పించడం వద్దు.

ఇక వెళ్లబోయేవాళ్ల కోసం. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే అది "జే" భోజనం. మాంసం, గుడ్లు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఆ తొమ్మిది రోజుల జే పండుగ చాలా ఏళ్లు మన దేవీ నవరాత్రుల్లోనే వస్తుంది. "మాంగ్సవిరత్" అన్నా శాకాహారమే, మన మాంసవిరతి అన్న మాటే అది, కాకపోతే అందులో గుడ్డు ఉండొచ్చు. రబ్బరులా సాగే జెల్లీ బిళ్లల్లో ఎక్కువగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. ఇంటికి తేవడానికి ఎండు మామిడి ముక్కలు, ఫెచ్చబురి వైపు తాటిబెల్లం హాయి. గుడ్డు తినే స్నేహితుల కోసం ఫోయ్ తోంగ్ కూడా తెచ్చుకోండి. డబ్బా మీద మాత్రం అందులో ఏముందో తెలుగులో చిన్న చీటీ రాసి, సూట్‌కేసు సర్దేటప్పుడే అంటించేయండి.